అమెరికా ఫెడరల్ జైల్లో ఉన్న మీ వాడి హెబియస్ పిటిషన్ కొట్టేశారా? ఇప్పుడు ఏం చేయాలి

జైలు నుంచి వచ్చే ఫోన్ కాల్ పదిహేను నిమిషాలకు తెగిపోతుంది. అందులో "హెబియస్ కొట్టేశారట" అన్న మాట తప్ప మీకు ఇంకేమీ అర్థమై ఉండదు. ఏ కోర్టు కొట్టేసింది, ఎందుకు కొట్టేసింది, ఇంకా దారి ఉందా లేదా, ఇవేవీ ఆ మాటలో లేవు. చాలాసార్లు లోపలున్న మనిషికి కూడా సరిగ్గా తెలియదు. ఆ ఫోన్ అందుకున్న కుటుంబం కోసం ఇది రాస్తున్నాను. డాలస్‌లో ఉన్న భార్య కావచ్చు, గుంటూరులో ఉన్న తండ్రి కావచ్చు. లాయర్ చేసే పనికి ఇది బదులు కాదు. లాయర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడానికి పనికొస్తుంది.

మన హైకోర్టుల్లో హెబియస్ కార్పస్ అంటే ఎక్కువగా వినేది కనిపించకుండా పోయిన మనిషి గురించి. పోలీసులు పట్టుకెళ్లి చూపించడం లేదనో, కూతురిని ఎవరో నిర్బంధించారనో తండ్రి పిటిషన్ వేస్తాడు, మనిషిని హాజరుపరచమని కోర్టు ఆదేశిస్తుంది. అమెరికాలో శిక్ష పడి ఫెడరల్ జైల్లో ఉన్న ఖైదీ వేసే హెబియస్ ఆ తరహాది కాదు. మనిషి ఎక్కడున్నాడో అందరికీ తెలుసు. అతన్ని లోపల ఉంచడం చట్టబద్ధమేనా, ఇంకా ఎన్ని రోజులు ఉంచాలో లెక్క సరిగ్గా కట్టారా అన్నదే అక్కడి ప్రశ్న. పిటిషన్ కూడా ఖైదీ సంతకంతోనో అతని లాయర్ సంతకంతోనో వెళ్లాలి. తండ్రి వేస్తానంటే మామూలుగా ఒప్పుకోరు.

మొదటి పని: ఆర్డర్ మీ చేతికి రావాలి

ఎవరేం చెప్పినా, ఆర్డర్ చదవకుండా అడుగు ముందుకు వేయకండి. ఫెడరల్ కోర్టుల కాగితాలు పేసర్ అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి. కేసుతో సంబంధం లేనివాళ్లు కూడా ఖాతా తెరవచ్చు. పేజీకి 10 సెంట్లు, ఒక డాక్యుమెంట్‌కు మహా అయితే 3 డాలర్లు. మూడు నెలల వాడకం 30 డాలర్లు దాటకపోతే ఆ డబ్బు కూడా తీసుకోరు.

పేరుతో వెతికేటప్పుడు మనవాళ్లకు ఒక చిక్కుంది. ఇంటిపేరు, అసలు పేరు తారుమారై జైలు రికార్డులో ఒకలా, కోర్టు రికార్డులో ఇంకోలా పడి ఉంటాయి. రెండు రకాలుగానూ వెతకండి. దొరికిన కేసు మీ వాడిదేనా అన్నది రిజిస్టర్ నంబర్‌తో సరిచూసుకోండి. అయిదు అంకెలు, ఒక గీత, మూడు అంకెలు ఉండే ఆ నంబర్, ఫెడరల్ జైళ్లను నడిపే బ్యూరో ఆఫ్ ప్రిజన్స్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే దొరుకుతుంది. ఇకపై రాసే ప్రతి ఉత్తరం మీదా, ప్రతి కోర్టు కాగితం మీదా ఆ నంబర్ ఉండాలి.

ఆర్డర్ తెరవగానే పైన ఏమని ఉందో చూడండి. "రిపోర్ట్ అండ్ రికమెండేషన్" అని ఉంటే పిటిషన్ ఇంకా కొట్టేయలేదు. అది డిస్ట్రిక్ట్ జడ్జికి మేజిస్ట్రేట్ జడ్జి ఇచ్చిన సిఫారసు మాత్రమే. దాని మీద అభ్యంతరాలు రాయడానికి 14 రోజులు ఇస్తారు. ఏ పేరాతో ఒప్పుకోవడం లేదో, ఎందుకు ఒప్పుకోవడం లేదో విడివిడిగా చెప్పాలి. "అంతా తప్పు" అని ఒక్క ముక్క రాస్తే ఏమీ రాయనట్టే లెక్క. "ఆఖరి తీర్పు రానీ, అప్పుడు చూద్దాం" అని ఊరుకుంటే తర్వాత అప్పీల్‌లో ఆ విషయం ఎత్తే అవకాశమే పోవచ్చు. అలాంటి నిబంధన చెల్లుతుందని థామస్ వర్సెస్ ఆర్న్ కేసులో సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. మొత్తం వ్యవహారంలో అతి తక్కువ టైమ్ ఉండేది ఇక్కడే.

సిఫారసు కాకుండా ఆఖరి ఆర్డరే అయితే తేదీ రాసి పెట్టుకోండి. జడ్జి సంతకం పెట్టిన తేదీ కాదు, జైలుకు కవరు చేరిన తేదీ కాదు. కోర్టు డాకెట్‌లో, అంటే కేసు చిట్టాలో, అది నమోదైన తేదీ. గడువులన్నీ అక్కడి నుంచే లెక్క.

రెండో పని: వేసింది 2241 కిందా, 2255 కిందా?

రెండింటినీ జనం హెబియస్ అనే అంటారు. రెండూ అమెరికా చట్టాల్లో టైటిల్ 28లోని సెక్షన్లు. కానీ పని వేరు, కోర్టు వేరు.

శిక్షే తప్పు అనేవాళ్లకు 2255. నేరం రుజువైన తీరులో రాజ్యాంగ హక్కు దెబ్బతిందనో, లాయర్ చేతకానితనం వల్ల నష్టపోయాననో, చట్టం అనుమతించిన దానికన్నా ఎక్కువ శిక్ష వేశారనో దీని కింద అడుగుతారు. 1948లో పార్లమెంటు, అంటే కాంగ్రెస్, ఈ సెక్షన్ తెచ్చినప్పుడు ఉద్దేశం ఒక్కటే: ఇలాంటి వాదనలన్నీ జైలున్న ఊరి కోర్టుకు కాకుండా శిక్ష వేసిన కోర్టుకే వెళ్లాలి. శిక్ష సరే, దాన్ని అమలు చేసే తీరులో తప్పుంది అనేవాళ్లకు 2241. గుడ్ టైమ్, అంటే సత్ప్రవర్తనకు తగ్గించే రోజులు, కోశారు, అరెస్టయినప్పటి నుంచి లోపల గడిపిన రోజులు లెక్కలో కలపలేదు, ఫస్ట్ స్టెప్ యాక్ట్ క్రెడిట్లు ఇవ్వలేదు, క్రమశిక్షణ విచారణ సరిగ్గా జరగలేదు. ఇలాంటివన్నీ దాని కిందకి వస్తాయి. ప్రతివాది జైలు వార్డెన్. ఆ జైలు ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా కోర్టులోనే వేయాలి.

ఉదాహరణకు డాలస్‌లో శిక్ష పడి, ఆర్కన్సాలోని ఫారెస్ట్ సిటీ జైల్లో ఉన్నాడనుకోండి. 2255 డాలస్ కోర్టుకు, అదీ వీలైతే శిక్ష వేసిన ఆ జడ్జి దగ్గరికే వెళ్తుంది. 2241 ఆర్కన్సా తూర్పు జిల్లా కోర్టుకు వెళ్తుంది. కొట్టేసిన కోర్టు ఏ ఊరిదో చూస్తే సగం కథ తెలిసిపోతుంది.

ఇంకో మాట. 2241 వేశాక జైలు మార్చారని కంగారుపడకండి. పిటిషన్ వేసిన రోజు ఏ కోర్టుకు అధికారం ఉందో, మనిషిని వేరే చోటికి తరలించినా సాధారణంగా అదే కోర్టుకు ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపనీస్ అమెరికన్లను క్యాంపుల్లో పెట్టినప్పుడు మిత్సుయే ఎండో అనే యువతి వేసిన కేసులో 1944లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇది. కాకపోతే కొత్త అడ్రస్ కోర్టుకు వెంటనే రాయాలి. కోర్టు పంపిన ఉత్తరం వెనక్కి వచ్చిందని, జవాబు లేదని కొట్టేసిన పిటిషన్లు కొల్లలు.

మూడో పని: ఎందుకు కొట్టేశారో పట్టుకోండి

ఆర్డర్ చివరి రెండు పేజీలు ముందు చదవండి. "వితౌట్ ప్రెజుడిస్" అని ఉంటే వాదనలోని మంచిచెడ్డల జోలికి కోర్టు పోలేదు, లోపం సరిచేసుకుని మళ్లీ రావచ్చు అని. "విత్ ప్రెజుడిస్" అంటే ఆ వాదనకు ఆ కోర్టులో తలుపు మూసుకున్నట్టే. ఆ తర్వాత మొదటి నుంచి చదివితే కారణం దొరుకుతుంది. కారణాలు చాలానే ఉంటాయి కానీ తరచుగా కనిపించేవి నాలుగైదే.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది "ఈ కోర్టుకు అధికారం లేదు" అన్నది. శిక్షే తప్పు అన్న వాదనను 2241 కింద వేస్తే ఇదే జరుగుతుంది. రిజర్వేషన్ కౌంటర్‌లో జనరల్ టికెట్ అడిగినట్టు. టికెట్ ఉందా లేదా అన్న మాట దాకా రాకుండానే పంపించేస్తారు. మరి తెలిసి తెలిసి ఎందుకు వేస్తారంటే, చాలామందికి 2255 దారి అప్పటికే మూసుకుపోయి ఉంటుంది. 2255లోనే చిన్న వెసులుబాటు ఉంది. ఆ మోషన్ నిర్బంధం చట్టబద్ధమో కాదో తేల్చడానికి చాలనిది, పనికిరానిది అయితే మామూలు హెబియస్ వేసుకోవచ్చు అంటుంది. దాన్ని సేవింగ్స్ క్లాజ్ అంటారు. ఏళ్ల తరబడి చాలా సర్క్యూట్ కోర్టులు, అంటే జిల్లా కోర్టుల పైన ఉండే అప్పీల్ కోర్టులు, ఈ సందులోంచి కొందరిని లోపలికి రానిచ్చాయి.

2023 జూన్ 22న జోన్స్ వర్సెస్ హెండ్రిక్స్ తీర్పుతో ఆ సందు దాదాపు మూసుకుపోయింది. మార్కస్ జోన్స్‌కు 2000లో మిస్సోరీలో, పాత నేరచరిత్ర ఉండి తుపాకీ కలిగి ఉన్నందుకు, 27 ఏళ్లు దాటిన శిక్ష పడింది. అతను ఒకసారి 2255 వేసుకున్నాడు. 2019లో సుప్రీంకోర్టు రెహైఫ్ కేసులో ఆ చట్టాన్ని కొత్తగా వివరించింది: తాను తుపాకీ ఉంచుకోకూడని కోవలోకి వస్తానని నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలి. తన పాత నేరం రికార్డు నుంచి తొలగిపోయిందనుకున్నానని జోన్స్ విచారణలోనే చెప్పుకుని ఉన్నాడు. అందుకని ఫారెస్ట్ సిటీ జైలు నుంచి 2241 వేశాడు. అధికారం లేదని జిల్లా కోర్టు కొట్టేసింది, ఎనిమిదో సర్క్యూట్ సమర్థించింది, సుప్రీంకోర్టు కూడా 6-3తో అదే ఖాయం చేసింది. రెండోసారి 2255కు చట్టం రెండే కారణాలు ఒప్పుకుంటుంది, ఆ రెండింటిలో లేనిదాన్ని 2241 పేరుతో తేవడం కుదరదని జస్టిస్ థామస్ రాశారు. చట్టం అర్థం మారినా, ఆ అర్థం ప్రకారం చేసింది నేరమే కాకపోయినా, అంతే. ఇది అన్యాయమని ముగ్గురు జస్టిస్‌లు విభేదించారు. నాకూ అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ ఇవాళ దేశమంతటా నడుస్తున్న చట్టం అదే. మీ ఆర్డర్‌లో జోన్స్ పేరు కనిపిస్తే, కొత్త పిటిషన్ రాసిస్తానని డబ్బులడిగే మనిషిని "జోన్స్‌ను ఎలా దాటతావు?" అని ఒక్క ప్రశ్న అడగండి. శిక్ష వేసిన కోర్టే రద్దయిపోవడం లాంటి అరుదైన సందర్భాలు తప్ప దాటే దారి పెద్దగా లేదు.

ఇక్కడే ఒక జాగ్రత్త. మొదటి 2255 ఇంకా వేయని ఖైదీ పొరపాటున 2241 వేస్తే, జడ్జి దాన్ని 2255గా మార్చి చూస్తానని అనవచ్చు. మార్చే ముందు హెచ్చరించాలని, వెనక్కి తీసుకునే లేదా సవరించుకునే అవకాశం ఇవ్వాలని కాస్ట్రో కేసులో 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నోటీసు వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. ఎందుకంటే 2255 సాధారణంగా ఒక్కసారే. అరకొరగా రాసిన కాగితం మీద ఆ ఒక్క అవకాశం అయిపోతుంది.

రెండో కారణం, జైలు లోపలి ఫిర్యాదు మెట్లు ఎక్కకుండా కోర్టుకు రావడం. క్రెడిట్ల కేసుల్లో ఇది మామూలు. ఇది సరిచేసుకోదగ్గ లోపం కాబట్టి వివరంగా చెబుతాను. ముందు యూనిట్ సిబ్బందితో మాట్లాడి బీపీ-8 అనే కాగితం పెట్టాలి. తేలకపోతే సంఘటన జరిగిన 20 రోజుల్లోపు బీపీ-9 వార్డెన్‌కు వెళ్లాలి. వార్డెన్ 20 రోజుల్లో జవాబివ్వాలి. అది నచ్చకపోతే, వార్డెన్ సంతకం పెట్టిన తేదీ నుంచి 20 రోజుల్లో బీపీ-10 రీజనల్ డైరెక్టర్‌కు. అక్కడ జవాబుకు 30 రోజులు. ఆ తర్వాత 30 రోజుల్లో బీపీ-11 వాషింగ్టన్‌లోని సెంట్రల్ ఆఫీసుకు, జవాబుకు 40 రోజులు. వాళ్లు గడువు పొడిగించుకోవచ్చు కూడా. చెప్పిన టైమ్‌లో ఏ జవాబూ రాకపోతే తిరస్కరించినట్టు అనుకుని పై మెట్టుకు వెళ్లవచ్చు. క్రమశిక్షణ విచారణాధికారి నిర్ణయం మీదైతే బీపీ-8, బీపీ-9 అక్కర్లేదు, నేరుగా బీపీ-10.

ఈ కారణంతో కొట్టేస్తే అప్పీల్‌కు వెళ్లడం దండగ అని నా అభిప్రాయం. అప్పీల్ తేలేలోపు మెట్లన్నీ ఎక్కి మళ్లీ పిటిషన్ వేసుకోవచ్చు. ఫీజు 5 డాలర్లే. ప్రతి కాగితానికీ వచ్చిన జవాబు, తిప్పి పంపిన స్లిప్ సహా, జతచేయండి. పాత పిటిషన్‌లో "అడిగాను, ఇవ్వలేదు" అని ఊరికే రాసి ఉంటారు, కోర్టుకు కావలసింది ఆ కాగితాలు. విడుదల తేదీ మరీ దగ్గరపడి, మెట్లెక్కడం వల్ల ఉపయోగం లేని పరిస్థితి ఉంటే ఆ మాట తేదీలతో సహా రాయాలి. 2241 విషయంలో ఈ షరతు జడ్జీలు పెట్టుకున్నదే కాబట్టి కొన్ని కోర్టులు సడలిస్తాయి. ధీమాగా ఉండకండి.

మూడోది గడువు దాటడం. ఇది 2255 సంగతి. 1996లో వచ్చిన చట్టం ఒక ఏడాది గడువు పెట్టింది. చాలామందికి అది తీర్పు ఖరారైన రోజు నుంచి లెక్క. అప్పీల్ వేయకపోతే జడ్జిమెంట్ నమోదైన 14 రోజులకు ఖరారవుతుంది. అప్పీల్ ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్లకపోతే, వెళ్లడానికున్న 90 రోజులు ముగిశాక. శ్రద్ధగా వెతికినా ముందు దొరకని కొత్త వాస్తవం బయటపడితే ఆ రోజు నుంచి ఏడాది ఉంటుంది. అసాధారణ అడ్డంకి వచ్చి, అయినా తన ప్రయత్నం తాను చేసినవాళ్లకు కోర్టులు గడువు సడలించడం కూడా ఉంది. హాలండ్ వర్సెస్ ఫ్లోరిడా, 2010. చట్టం తెలియదన్నది మాత్రం పనికిరాదు. 2241 నడుస్తోంది కదా అని ఈ ఏడాది ఆగదు. దీన్ని నమ్ముకుని మోసపోయేవాళ్లు చాలామంది.

నాలుగోది, రెండోసారి వేయడం. మొదటి 2255 వాదనలోని మంచిచెడ్డల మీద తేలిపోయి ఉంటే, రెండోదానికి ముందు సర్క్యూట్ కోర్టు అనుమతి కావాలి. నేరం చేయలేదని స్పష్టంగా చూపే కొత్త సాక్ష్యమో, పాత కేసులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు ప్రకటించిన కొత్త రాజ్యాంగ సూత్రమో ఉండాలి. మొదటిది కేవలం కాగితాల లోపం వల్ల పోయి ఉంటే అది సాధారణంగా లెక్కలోకి రాదు, కానీ గడువు దాటిందని కొట్టేస్తే చాలా కోర్టులు లెక్కలో వేస్తాయి.

అయిదోది, ఒప్పందంలోనే హక్కు వదులుకోవడం. ఫెడరల్ కేసుల్లో అత్యధికం నేరం ఒప్పుకునే ఒప్పందాలతోనే ముగుస్తాయి. "తర్వాత 2255 వేయను" అన్న వాక్యం వాటిలో చాలా వాటిలో ఉంటుంది. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టించడంలోనే లాయర్ తప్పు చేశాడన్న వాదనకు మాత్రం చాలా కోర్టుల్లో చోటుంది. వలస వచ్చినవాళ్లకు ఇది ముఖ్యం. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపిస్తారన్న సంగతి లాయర్ చెప్పాలని 2010లో పాడిల్లా కేసులో తీర్పు వచ్చింది. 2017లో జే లీ అనే కొరియన్ మూలాల రెస్టారెంట్ యజమాని, ఆ సంగతి సరిగ్గా చెప్పి ఉంటే ఒప్పుకునేవాణ్నే కాదని చూపించి 2255లో గెలిచాడు. అతను గ్రీన్ కార్డు మనిషి. లాయర్ మాత్రం పంపించరని భరోసా ఇచ్చాడు.

భోజనం బాగాలేదు, వైద్యం అందడం లేదు అన్నవాటిని హెబియస్‌గా వేస్తే చాలా కోర్టులు తీసుకోవు, సివిల్ దావా వేసుకోమంటాయి. దాని ఫీజు 405 డాలర్లు. పేదరికం చూపించినా 350 డాలర్లు ఖైదీ ఖాతాలోంచి కొంచెం కొంచెంగా కోస్తారు. ఇక 5 డాలర్ల ఫీజో, ఫారమో పంపలేదని కొట్టేస్తే అవి పంపి మళ్లీ వేయడమే. అందులో ఆలోచించేదేమీ లేదు.

మనవాళ్లకు తరచుగా ఎదురయ్యే కేసు: ఫస్ట్ స్టెప్ యాక్ట్ క్రెడిట్లు

2018 డిసెంబర్‌లో వచ్చిన ఈ చట్టం ప్రకారం, అర్హత ఉన్న ఖైదీ జైల్లో కార్యక్రమాలు చేస్తే ప్రతి 30 రోజులకు 10 రోజుల క్రెడిట్ వస్తుంది. మళ్లీ నేరం చేసే ప్రమాదం తక్కువని వరసగా తేలితే ఇంకో 5 రోజులు. వీటితో గరిష్ఠంగా 12 నెలల ముందే బయటి పర్యవేక్షణకు పంపవచ్చు. అయితే దేశం నుంచి పంపించేయాలని ఆఖరి ఆర్డర్ ఉన్నవాళ్లకు ఈ క్రెడిట్లు వాడే వీల్లేదని చట్టంలోనే రాసి ఉంది. హెచ్1బీ మీద వచ్చి కేసులో ఇరుక్కున్నవాళ్ల 2241లు ఇక్కడ పోవచ్చు.

అందుకని ఆర్డర్‌లో కోర్టు దేన్ని ఆధారం చేసుకుందో చూడండి. విడుదలప్పుడు మనిషిని తమకు అప్పగించమని ఇమిగ్రేషన్ వాళ్లు జైలుకు పంపిన డిటెయినర్ వేరు, ఆఖరి రిమూవల్ ఆర్డర్ వేరు. డిటెయినర్ ఉన్నంత మాత్రాన క్రెడిట్లు ఆగవు. బ్యూరో ఆఫ్ ప్రిజన్స్ కూడా 2023లో తన నిబంధన మార్చుకుంది. ఆఖరి ఆర్డర్ అసలు ఉందా, ఉంటే దాని కాపీ ప్రభుత్వం కోర్టుకు చూపించిందా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు కాగితాల్లో వెతకాలి. మీ వాడు ఇమిగ్రేషన్ జడ్జి ముందుకు ఎప్పుడూ వెళ్లలేదని ధీమా పడకండి. నేరం ఒప్పుకున్న ఒప్పందంలోనే "నన్ను పంపించేయడానికి ఒప్పుకుంటున్నాను" అన్న పేరా పెట్టి, శిక్ష వేసిన జడ్జి చేతనే ఆర్డర్ తీసుకునే పద్ధతి ఉంది. అప్పట్లో ఆ పేరా ఎవరూ చదివి ఉండరు.

నాలుగో పని: గడువులు కాగితం మీద రాసి గోడకు అంటించండి

తీర్పులో కోర్టు స్పష్టంగా పొరబడింది, ఫైల్లో ఉన్న కాగితాన్నే చూడలేదు అనిపిస్తే, రూల్ 59(ఇ) కింద తీర్పు మార్చమని అదే జడ్జిని అడగవచ్చు. 28 రోజులు. ఒక్క రోజు కూడా పొడిగించరు. ఇది వేసినంత మాత్రాన రెండో హెబియస్‌గా లెక్క కట్టరని 2020లో బానిస్టర్ కేసులో తేల్చారు. గడువులో వేస్తే, అది తేలేదాకా అప్పీల్ గడువు కూడా మొదలుకాదు. పాత వాదనే ఇంకోసారి గట్టిగా చెప్పడానికి వేస్తే మాత్రం ఫలితముండదు.

అప్పీల్‌కు 60 రోజులు, ఎందుకంటే అవతలి పక్షం అమెరికా ప్రభుత్వమో దాని అధికారో. నోటీస్ ఆఫ్ అప్పీల్ అన్నది ఒక పేజీ కాగితం. ఎవరు అప్పీల్ చేస్తున్నారు, ఏ తేదీ ఆర్డర్ మీద, ఏ సర్క్యూట్ కోర్టుకు. అంతే. వాదనలు అందులో అక్కర్లేదు. దాన్ని దాఖలు చేసేది కింది కోర్టులో, సర్క్యూట్ కోర్టులో కాదు. ఫీజు 605 డాలర్లు. కట్టలేనివాళ్లు జైలు ఖాతా వివరాలతో మినహాయింపు అడగాలి. 2255 అయితే పైకి వెళ్లడానికి సర్టిఫికెట్ ఆఫ్ అప్పీలబిలిటీ, అంటే అప్పీల్‌కు కోర్టు అనుమతి, కూడా కావాలి. జిల్లా జడ్జి చాలాసార్లు కొట్టేసిన ఆర్డర్‌లోనే దాన్నీ నిరాకరిస్తాడు, అప్పుడు సర్క్యూట్ కోర్టును అడగాలి. ఫెడరల్ ఖైదీ 2241కు ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఈ తేడా తెలియక అప్పీల్ మానుకున్నవాళ్లున్నారు.

లోపలున్న మనిషికి ఒక రక్షణ ఉంది. హ్యూస్టన్ వర్సెస్ ల్యాక్ తీర్పు, 1988 ప్రకారం, ఖైదీ తన కాగితాన్ని జైలు మెయిల్ సిబ్బందికి ఇచ్చిన రోజే కోర్టులో వేసినట్టు లెక్క. కోర్టు కాగితాలకు వేరే లీగల్ మెయిల్ పద్ధతి ఉన్న జైల్లో దాన్నే వాడాలి. ఏ తేదీన ఇచ్చాడో, స్టాంపు అంటించాడో చెబుతూ, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ఒక డిక్లరేషన్ రాసి జతచేయాలి. ఈ వెసులుబాటు అతనికే. మీరు బయటి నుంచి పోస్టు చేస్తే వర్తించదు.

ఆర్డరే అందలేదా? జైళ్లు మారేవాళ్లకు ఇది జరుగుతూనే ఉంటుంది. నమోదైన 21 రోజుల్లో నోటీసు అందకపోతే, అప్పీల్ గడువు తిరిగి తెరవమని అడగవచ్చు. అందిన 14 రోజుల్లో లేదా నమోదైన 180 రోజుల్లో, ఏది ముందైతే అది. ఇలాగే ఆలస్యంగా అందిన ఒక ఫెడరల్ ఖైదీ కేసులో, గడువు తెరవకముందే వేసిన అప్పీల్ నోటీసు చెల్లుతుందని, మళ్లీ వేయనక్కర్లేదని 2025లో పారిష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అయిదో పని: బయట ఉన్న మీరు చేయగలిగింది

మీరు లాయర్ కాకపోతే అతని తరఫున సంతకం పెట్టి కాగితాలు వేయలేరు. ఖైదీ బదులు దగ్గరివాళ్లు కేసు వేసే నెక్స్ట్ ఫ్రెండ్ అనే దారి ఉన్నా, అతను మతిస్థిమితం లేకనో మరో గట్టి కారణం వల్లనో తానే కేసు నడుపుకోలేడని మీరు చూపించాలి. ఇంగ్లిష్ సరిగ్గా రాదు, చట్టం తెలియదు అంటే చాలదు.

కానీ మీరు చేసే పని తక్కువేమీ కాదు. ఆర్డర్, డాకెట్ ప్రింట్ తీసి పంపండి. జైలు ఈమెయిల్‌లో అటాచ్‌మెంట్లు వెళ్లవు, కాగితమే పంపాలి. కుటుంబం పంపే ఉత్తరం లీగల్ మెయిల్ కిందకి రాదు, తెరిచి చూస్తారు. లాయర్‌తో చర్చించిన రహస్యాలు అందులో రాయకండి. కేసు గురించి జైలు ఫోన్‌లో మాట్లాడేటప్పుడు కాల్ రికార్డవుతుందని గుర్తుంచుకోండి.

లాయర్ కోసం ముందు శిక్ష పడిన జిల్లాలోని ఫెడరల్ పబ్లిక్ డిఫెండర్ ఆఫీసుకు ఫోన్ చేయండి. హెబియస్‌లో ప్రభుత్వ ఖర్చుతో లాయర్ దొరకడం హక్కు కాదు. న్యాయం కోసం అవసరమనుకుంటే జడ్జి ఇవ్వవచ్చు. 2255లో సాక్ష్యాల విచారణ పెడితే మాత్రం, అర్హత ఉన్న ఖైదీకి ఇవ్వాల్సిందే. ప్రైవేటు లాయర్‌ను పెట్టుకునేటప్పుడు ఏ సెక్షన్ కింద, ఏ కోర్టులో, ఏ తేదీలోపు వేస్తారో రాతపూర్వకంగా అడగండి. సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "ఫలానా ఆయన విడిపించాడు" కబుర్లు పక్కన పెట్టండి. ఇండియన్ కాన్సులేట్ మనిషిని కలవగలదు, కుటుంబానికి సమాచారం ఇవ్వగలదు. తీర్పు మార్పించలేదు. దానికోసం హైదరాబాద్ నుంచి ఎంపీ సిఫారసు లేఖలు తేవడం టెన్షన్ పెంచుకోవడమే.

దారి నిజంగానే మూసుకుపోతే

హెబియస్ పోయినంత మాత్రాన శిక్ష తగ్గించుకునే దారులన్నీ పోవు. తీవ్రమైన జబ్బు, ఇంట్లో పిల్లల్ని చూసుకునే ఒకే ఒక్క మనిషి చనిపోవడం లాంటివి ఉంటే కంపాషనేట్ రిలీజ్ అడగవచ్చు. ముందు వార్డెన్‌కు రాయాలి. 30 రోజుల తర్వాత శిక్ష వేసిన కోర్టుకు వెళ్లవచ్చు. క్షమాభిక్ష దరఖాస్తు పార్డన్ అటార్నీ ఆఫీసుకు వెళ్తుంది. దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోమని చెప్పలేను.

మనవాళ్ల కేసుల్లో తప్పకుండా చూడాల్సింది ఇంకొకటుంది: శిక్షల మార్గదర్శకాల్లో 821వ సవరణ. 2023 నవంబర్ 1 నుంచి, పాత నేరచరిత్ర పాయింట్లు సున్నా ఉన్నవాళ్లకు, మిగతా షరతులు కూడా సరిపోతే, నేరస్థాయి రెండు మెట్లు తగ్గుతుంది. అంతకుముందు శిక్ష పడినవాళ్లకు కూడా వర్తింపజేశారు. మోసం కేసుల్లో, వీసా కేసుల్లో పడ్డ మనవాళ్లలో చాలామందికి అదే మొదటి కేసు కాబట్టి ఆ సున్నా ఉండే అవకాశం ఎక్కువ. కాకపోతే బాధితుడికి స్వయంగా భారీ ఆర్థిక కష్టం కలిగించి ఉంటే రాదు. ఇది హెబియస్ కాదు, కాబట్టి జోన్స్ అడ్డం రాదు, ఆ ఏడాది గడువూ లేదు. శిక్ష వేసిన కోర్టులోనే మోషన్ వేయాలి. పాయింట్ల లెక్క, శిక్ష వేసే ముందు కోర్టు కోసం తయారుచేసే ప్రీసెంటెన్స్ రిపోర్టులో ఉంటుంది. దాన్ని ఖైదీలు తమ దగ్గర ఉంచుకోవడానికి జైలు ఒప్పుకోదు కాబట్టి మీ వాడిని పంపమని అడగకండి. పాత లాయర్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఫైల్ తీసి ఆ పేజీలో ఎంతుందో చూసి చెప్పమనండి.